తెరక్క వాంగ్మూలం

ఆ పెద్ద దుకాణాల భవనంలోకి ఆడవాళ్లు అడుగు పెట్టాలంటే ముందు ఒక నీలం తెర దాటాలి. తెర వెనక ఒక మనిషి నిలబడేంత చోటు. గది అనడం కూడా ఎక్కువే. మూడు వైపులా చెక్క, నాలుగో వైపు గుడ్డ. పొద్దుటినుంచీ పొద్దుపోయేదాకా అందులో నిలబడి ఉండే ఆవిడని భవనంలో పనిచేసేవాళ్లంతా తెరక్క అనేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పిలిస్తే పలుకుతున్నాం కదా, ఇంకా పేరుతో పనేముంది అనుకునేది.

లోపలికొచ్చిన ప్రతి మనిషీ చేతులు చాచి నిలబడాలి. డిటెక్టరుతో భుజాలు, నడుము, మడమలు తడిమి చూసి, సంచీ తెరిపించి, "వెళ్లండమ్మా" అనాలి. అంతే పని. అంతమందిలో ఆమె చేయి పడని భుజం లేదు. వాళ్ల చూపులు మాత్రం ఆమె తల మీదుగా చెక్క మీదికో, చేతిలో ఫోను మీదికో పోయేవి. కొత్తలో ఆమె నవ్వి పలకరించేది. ఇచ్చిన నవ్వు పుచ్చుకునే నాథుడు లేక అదీ మానేసింది.

"ఊళ్లో అందరినీ ముట్టుకుంటాను, ఒక్కరికీ తగలను," అని ఒకసారి తోడికోడలితో అంది.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "అందుకే చేతులు సబ్బుతో కడుక్కోవాలక్కా," అంది.

ఆమె కాపురం టైర్ల షాపు మీద ఒంటిగది. మెట్లెక్కి తలుపు తీస్తే, పొద్దున వెళ్తూ ఎక్కడ వదిలిన గ్లాసు అక్కడే ఉండేది. అది చూస్తే ఆమెకి ఎందుకో గుబులు. ఎవరూ తాకని ఇల్లంటే పొందికగా ఉందని లోకం మెచ్చుకుంటుంది గానీ, ఉండేవాళ్లకి తెలుస్తుంది దాని బాధ. అందుకని ఒక్కోసారి కావాలనే దుప్పటి చిందరవందరగా వదిలి వెళ్లేది, తిరిగొచ్చాక మడత పెట్టుకోవడానికి.

వారమంతా ఎదురుచూసేది ఆదివారం కోసం. ఆ పూట భోజనం మరిది ఇంట్లో. గుమ్మంలోంచే అతను "రా వదినా" అనేవాడు. ఆ ఒక్క పిలుపు కోసం రెండు బస్సులు మారి వెళ్లేది. మరిది ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో సూపర్‌వైజరు. మోటారుసైకిలు మీద ఊరంతా తిరిగి కాపలావాళ్లు నిలబడ్డారా పడుకున్నారా చూడ్డం అతని పని. తెర వెనక ఉద్యోగం ఇప్పించిందీ అతనే.

ఆమె భర్త కూడా ఆ ఏజెన్సీ మనిషే. ఊరి చివర ఒక గోదాము గేటు దగ్గర, పెళ్లయిన కొత్తలో కూర్చున్న కుర్చీలోనే నడివయసు దాటించేశాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ కుర్చీలోంచే పక్కకి ఒరిగిపోయాడు. కబురందుకుని ఆమె ఆసుపత్రికి పరుగెత్తేసరికి ప్రాణం లేదు. ఒంటి మీద యూనిఫాం కూడా లేదు. దాని బదులు గళ్ల చొక్కా ఉంది. ఆ చొక్కా ఎవరిదో ఆమెకి తెలుసు. పోయిన నెలే దాని జేబు ఊడితే కుట్టి ఇచ్చింది. మరిది బనీనుతో, చేతులు కట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"ఆయన మా దగ్గర పనిచేసేవాడు కాదు, తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చి గేటు దగ్గర పడిపోయాడు," అని ఏజెన్సీవాళ్లు రాయించుకున్నారు. అన్నేళ్ల నౌకరీ ఒక్క వాక్యంతో చెరిగిపోయింది. బీమా లేదు, భవిష్యనిధి లేదు, కనీసం ఆ గేటు దగ్గర ఒక మనిషి ఉండేవాడన్న గుర్తు లేదు.

చొక్కా సంగతి ఆమె మరిదిని అడగలేదు. అంత్యక్రియలు చేయించింది అతనే. గది చూసిపెట్టింది అతనే. అడిగితే, ఉన్న ఒక్క గుమ్మమూ మూసుకుపోతుందని భయం. గొంతులో ముల్లు ఉన్నా మింగడం అలవాటైపోయింది.

ఏజెన్సీ తీరే అంత. పెద్దసారు, అంటే దాని యజమాని, ఊళ్లో సగం గేట్లకి కాపలావాళ్లని పంపేవాడు. కాగితం మీద మాత్రం పట్టుమని పదిమంది ఉండేవారు కారు. మిగతా వాళ్లంతా గాలిలో నిలబడి డ్యూటీ చేస్తున్నట్టే లెక్క. నెల కాగానే కవరు చేతిలో పడేది. కవరు మీద పేరుండదు. ప్రభుత్వం వాళ్లెవరైనా తనిఖీకి వస్తే వాకీటాకీలో ఒక మాట వినబడేది: "చుట్టాలొచ్చారు." అంతే, గాలిమనుషులంతా యూనిఫాం చొక్కా విప్పి సంచీలో కుక్కి, లోపలి మామూలు బట్టలతో భవనంలో జనంలో కలిసిపోవాలి. చుట్టాలు వెళ్లేదాకా కొనుగోలుదారుల్లా నటించాలి.

ఒక మంగళవారం అలాగే పిలుపొచ్చింది. తెరక్క చొక్కా విప్పేసి, లోపలి పూల కుర్తాతో ఒక తోపుడు బండి పట్టుకుని తువ్వాళ్లూ దుప్పట్లూ అమ్మే అరల వైపు నడిచింది. నిజం చెప్పాలంటే ఆ నటన ఆమెకి ఇష్టమే. రోజూ పొద్దున ఆమె ఎదుట చేతులు చాచి నిలబడే అమ్మకాల పిల్ల ఎదురొచ్చి, "ఏం చూపించమంటారు మేడం?" అంది. ఆమె ముఖంలోకి తేరిపార చూసి మరీ అడిగింది. గుర్తుపట్టలేదు. తెరక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అరల దగ్గర ఒక ఆవిడ తువ్వాళ్లు అటూ ఇటూ తిప్పుతూ తేల్చుకోలేక నిలబడి ఉంది. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు. నెరిసిన జుట్టు, భుజాన గుడ్డ సంచీ.

"ఇది మెత్తగా ఉంది కదండీ?" అని ఆవిడే పలకరించింది.

"చూడ్డానికే మెత్తన," అంది తెరక్క. "రెండు ఉతుకులకి వలలాగా అయిపోతుంది. అది తీసుకోండి, మొరటుగా ఉన్నా మన్నుతుంది."

"మొగుణ్ణి ఎంచినట్టు చెప్పారు."

ఇద్దరూ నవ్వారు. ఒక మాట ఇంకో మాటకి దారి తీసింది. ఇంట్లో ఎంతమంది అని ఆవిడ అడిగితే, ఒక్కదాన్నే అంది తెరక్క. "నేనూ అంతే," అంది ఆవిడ. ఒక్కరికి వండుకోవడం ఎంత గొడవో, కొంచెం పెడితే మాడుతుంది, ఎక్కువ పెడితే మూడుపూటలూ అదే మొహం చూడాలి అని చెప్పుకున్నారు. జ్వరమొస్తే గ్లాసుడు నీళ్లిచ్చే మనిషి ఉండడని, అందుకే తను మంచం పక్కనే సీసా పెట్టుకుంటానని తెరక్క చెప్పింది. భర్త పోయాక ఒక మనిషితో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. బండిలో తువ్వాళ్లూ సబ్బులూ వేసుకుని తిరుగుతుంటే, తనకీ ఒక ఇల్లు, కొనుక్కోవాల్సిన సామాను, వెంట మాట్లాడే స్నేహితురాలు ఉన్నట్టే అనిపించింది. చుట్టాలు వెళ్లిపోయారన్న కబురు రాగానే వస్తువులన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి, తెర వెనక్కి వచ్చేసింది. కానీ ఆ రోజంతా ఒళ్లు తేలిగ్గా ఉంది.

తర్వాతి వారం ఆవిడే తెర తీసుకుని లోపలికొచ్చింది. తక్కినవాళ్లలాగే చేతులు చాచింది. చూపు మాత్రం గోడ మీదికి పోలేదు.

"మొరటు తువ్వాళ్లే కొన్నానండీ," అంది.

తెరక్క చేతిలో డిటెక్టరు ఆగిపోయింది.

"భయపడకండి. నేను పన్నుల శాఖలో పనిచేస్తాను. ఆ రోజే మీ బూట్లు చూశాను. కుర్తా కింద అంత నల్లటి డ్యూటీ బూట్లు వేసుకుని తువ్వాళ్లు కొనేవాళ్లు ఉండరు కదా."

తెరక్కకి భయం కంటే ముందు ఇంకేదో కలుక్కుమంది. "అయితే ఆ రోజు మీరు మాట్లాడిన మాటలన్నీ ఆఫీసు పనేనా?"

ఆఫీసరమ్మ భుజాన సంచీ సర్దుకుంది. "మొదలుపెట్టింది పని కోసమే. తర్వాత పని మర్చిపోయాను. మర్చిపోకూడదు, కానీ మర్చిపోయాను," అంది. తర్వాత ఫోన్లో ఒక ఫొటో చూపించింది. "ఈయన్ని ఎరుగుదురా?"

మరిది. సూటు వేసుకున్నాడు. ఎవరిదో అరువు సూటు, భుజాలు జారిపోతున్నాయి.

"మీ కాపలావాళ్లందరినీ ఒక సంస్థ దగ్గర అద్దెకి తెచ్చుకుంటున్నామని మీ పెద్దసారు ఇప్పుడు లెక్క చూపిస్తున్నారు. ఆ సంస్థకి ఆఫీసు లేదు, బోర్డు లేదు, కాగితమే దాని ఇల్లు. ఈయన దానికి యజమాని. పన్నులు ఎగ్గొట్టిందీ, మీకెవరికీ బీమా కట్టనిదీ ఈయనే అవుతాడు. మీ సారు చేతులు కడిగేసుకుంటారు."

"యజమానా!" అంది తెరక్క. ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. "అద్దె ఇంట్లో కుళాయి కారుతుంటే మార్పించుకోలేని మనిషండీ!"

తెర బయట జనం గొణుగుతున్నారు. ఆఫీసరమ్మ తన ఆఫీసు చిరునామా ఉన్న చీటీ ఆమె జేబులో పెట్టి, "తెలిసింది చెప్పాలనిపిస్తే రండి. బలవంతం లేదు," అని భవనంలోకి వెళ్లిపోయింది.

ఆదివారం తెరక్క మరిది ఇంటికి వెళ్లింది. అన్నం ముందు కూర్చోగానే సంగతంతా చెప్పేసింది. మరిది చేయి కంచంలోనే ఆగింది.

"సారు సంతకం పెట్టమంటే పెట్టాను. పెద్ద హోదా ఇస్తున్నామన్నారు. ఫొటో దిగమంటే దిగాను. అందులో ఏం రాసుందో నేనెందుకు చూస్తాను వదినా? మనం ఆయన ఉప్పు తింటున్నాం."

"ఉప్పు ఆయనది తింటే నీళ్లు మనం తాగాలిప్పుడు," అంది ఆమె. "నువ్వే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు."

తోడికోడలు గరిటె పట్టుకునే వచ్చింది. "ఏం చెప్తాడక్కా? చెప్తే ఉద్యోగం పోతుంది, ఇల్లు గడవదు. నీకేం, నువ్వొక్కదానివి!"

ఆ మాట తోడికోడలు కోపంలో అంది, పగతో కాదు. అయినా దిగాల్సిన చోట దిగింది.

"నువ్వేం చూడలేదు, నీకేం తెలీదు. అంతే," అన్నాడు మరిది. "ఆ ఆఫీసరు మళ్లీ వస్తే అదే చెప్పు. అన్న పోయినప్పుడు నీకు దిక్కెవరు వదినా? నేను లేనూ?"

"ఉన్నావు," అంది ఆమె. తర్వాత నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "నీ చొక్కా కూడా ఉంది, ఆయన ఒంటి మీద."

అన్నేళ్లుగా ఇద్దరి మధ్యా కూర్చుని తింటున్న మాట అది. మరిది లేచి, చేయి కడుక్కోకుండానే బయటికి వెళ్లిపోయాడు. ఆమె కాసేపు ఎదురుచూసింది. తోడికోడలు గిన్నెలు సర్దుకుంటూ ఇటు తిరగలేదు. ఆమె తన కంచం తనే కడిగి బోర్లించి వచ్చేసింది.

ఆ తర్వాతి ఆదివారం రమ్మని ఫోను రాలేదు. పై ఆదివారమూ రాలేదు. ఆదివారం ఇంత పొడుగుంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. గదిలో కూర్చోలేక బస్సెక్కి చివరి స్టాపుదాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొచ్చేది. కండక్టరు రెండోసారి ఆమెని చూసి, "దిగాల్సింది మర్చిపోయారా?" అని అడిగితే, "గుర్తొస్తే దిగుతాను బాబూ," అంది.

ఇలా ఉండగా ఒకరోజు పెద్దసారు ఆమెని తన ఆఫీసుకి పిలిపించాడు. ఇన్నేళ్లలో ఆయన గది లోపల ఎలా ఉంటుందో ఆమె చూడలేదు. ఆయనా ఆమె ముఖం చూడలేదు.

"ఏమ్మా, కూర్చో. నువ్వు మా ఇంటి మనిషివి," అన్నాడు. ఇంటి మనిషి పేరు తెలియక పక్కనున్న గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తాకీ తెలియదు. "మీ మరిది ఇలా చేస్తాడనుకోలేదమ్మా. నమ్మి ఒప్పజెప్పాను. నీలాంటివాళ్ల నోటికాడి కూడు లాక్కున్నాడు. నువ్వీ కాగితం మీద ఒక్క సంతకం పెట్టు. నీ ఉద్యోగానికి ఢోకా లేకుండా నేను చూసుకుంటాను."

ఆమె కాగితం అందుకుని నిదానంగా చదివింది. తనని పనిలో పెట్టుకున్నది మరిది. జీతమిచ్చింది మరిది. పెద్దసారుకీ తనకీ ఏ సంబంధమూ లేదు. అదీ సారాంశం.

ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. తను నోరు మూసుకుంటే మరిదిని కాపాడినట్టని ఇన్నాళ్లూ అనుకుంది. ఈయన మాత్రం మరిదికి ఉచ్చు పేనుతున్నాడు, ముడి వేయడానికి తన వేలు అడుగుతున్నాడు.

"కళ్లజోడు తెచ్చుకోలేదండీ," అంది.

"చదవక్కర్లేదమ్మా. ఇదుగో, ఇక్కడ గుర్తు పెట్టాం, సంతకం చేస్తే చాలు."

"నా సంతకానికీ కళ్లజోడు కావాలండీ. అది లేకపోతే రాదు," అని కాగితం బల్ల మీద పెట్టి లేచి నిలబడింది. గుమాస్తాకి నవ్వాగలేదు, దగ్గులా మార్చుకున్నాడు. ఆమె ఇంటికి వెళ్లే బస్సు ఎక్కలేదు. పన్నుల ఆఫీసు వైపు వెళ్లేది ఎక్కింది. దారిలో ఉండగానే ఫోను మోగింది. రేపటినుంచి డ్యూటీకి రావద్దన్నారు.

ఆఫీసరమ్మ ఆమెకి మంచినీళ్లు ఇప్పించి, తలుపు వేసి, కూర్చుని విన్నది. చుట్టాలొచ్చారన్న కేకలు, పేరు లేని కవర్లు, ఏ గేటు దగ్గర ఎవరు నిలబడతారు, అన్నీ చెప్పింది తెరక్క. చివరికి గళ్ల చొక్కా దాకా వచ్చింది. అక్కడ కొంచెం ఆగి, అదీ చెప్పింది.

"ఇది రాస్తే మీ మరిదికే నష్టమేమో, ఆలోచించుకోండి," అంది ఆఫీసరమ్మ.

"యజమాని అయితే తన చొక్కా ఎందుకు విప్పుకుంటాడమ్మా?" అంది తెరక్క. "నౌకరు గనకే విప్పుకున్నాడు. ఎవరో విప్పమన్నారు. ఎవరన్నారో మా మరిదినే అడగండి."

రెండు రోజులకి మరిదిని పిలిపించారు. వదిన అక్కడ కూర్చుని ఉండటం చూసి అతను గుమ్మంలోనే తడబడ్డాడు. మొదట తనకేమీ తెలియదన్నాడు. సంతకాలు తనవి కావన్నాడు, మళ్లీ తనవేనన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడు ఆఫీసరమ్మ తెరక్క వాంగ్మూలంలో చొక్కా గురించిన ముక్క ఒక్కటీ చదివి వినిపించింది. మరిది రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు నేల చూశాడు.

"పెద్దసారే," అన్నాడు. "ఫోన్లో చెప్పారు. ముందు బట్టలు మార్చు, ఆ తర్వాతే అంబులెన్సుకి ఫోన్ చెయ్యి అన్నారు."

ఆఫీసరమ్మ రాస్తున్నది ఆపింది. "తర్వాతేనా?"

"అన్నకి ఊపిరుంది అప్పటికి." అతను ఆఫీసరమ్మకి కాదు, వదినకి చెబుతున్నాడు. కానీ ఆమె వైపు చూడలేకపోతున్నాడు. "గుండీలు విప్పుతుంటే ఉక్కగా ఉందని తీస్తున్నాననుకున్నాడు. తనే చేతులెత్తాడు వదినా. నాకు తేలిగ్గా ఉండాలని."

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. తెరక్క కుర్చీలోంచి లేచింది. బయటికొచ్చి మెట్లు దిగి, రోడ్డు దాటి, ఏ వీధిలోకి వెళ్తోందో చూసుకోకుండా నడిచింది. ముందే ఫోన్ చేసుంటే బతికేవాడా? డాక్టరుని అడిగినా ఇప్పుడు ఎవరు చెప్తారు? బతికేవాడు కాదేమో. బతికేవాడేమో. చాలా దూరం నడిచాక కాళ్లు నొప్పిపుట్టి ఒక మూసిన దుకాణం మెట్టు మీద కూర్చుంది. దారినపోయేవాళ్లెవరో ఆమెకి చిల్లర వేయబోయారు. "కాదమ్మా, ఊరికే కూర్చున్నాను," అంది.

ఆ ఏడు ఎండలు పోయి వానలు పడేసరికి చాలా జరిగాయి. ఏజెన్సీ లైసెన్సు ఆపేశారు. ఎగ్గొట్టిన పన్నూ, దాని మీద జరిమానా కట్టమని పెద్దసారుకి తాఖీదు వచ్చింది. ఆయన ఊరుకుంటాడా, పెద్ద వకీళ్లని పెట్టుకుని పైవాళ్ల దగ్గర అప్పీలు చేసుకున్నాడు. మరిది ఉద్యోగం పోయింది. ఒక పార్సిళ్ల గిడ్డంగిలో మూటలు ఎత్తుతున్నాడని ఎవరో చెప్పారు. భవనానికి కొత్త ఏజెన్సీ వచ్చింది. గాలిమనుషుల్లో చాలామందిని పేరుపేరునా పిలిచి, నియామకపత్రాలిచ్చి, బీమాలో చేర్చారు. తెరక్కనీ మళ్లీ పనిలోకి తీసుకుని మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. అందులో ఆమె పేరుంది. కొన్నాళ్లు తోటి కాపలావాళ్లు ఆ పేరుతో పిలిచి చూశారు. ఆమె పలకడం మర్చిపోయేది. మళ్లీ తెరక్క అనే మొదలుపెట్టారు.

కొందరు ఆమెకి దణ్ణం పెట్టారు. కొందరు చాటున తిట్టుకున్నారు. కొత్త ఏజెన్సీవాళ్లు వయసు మీరిందని కొందరిని తీసుకోలేదు మరి. ఆమె ఎవరి మాటా కాదనలేదు. ఆఫీసరమ్మతో ఒకసారి కూర్చుని మాట్లాడాలని ఉండేది. వెళ్తే వేరే ఊరికి బదిలీ అయిందన్నారు.

మరిది దగ్గరనుంచి కబురు లేదు. ఆమెకీ వినాలని లేదు. ఇంతకుముందు ఒంటరితనం ఎవరో తెచ్చి తన మీద వేసింది. ఇప్పటిది తను తలుపు వేసుకుని కూర్చున్నది. బరువులో రెంటికీ తేడా లేదని ఆమెకి తెలిసింది.

ఒక సాయంత్రం టైర్ల షాపు పక్క మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు తీస్తే మరిది. మూటలు మోసి మోసి ఒక భుజం కిందికి దిగింది. లోపలికి రమ్మని ఆమె అనలేదు, అతనూ అడగలేదు.

"రేపు విచారణ," అన్నాడు గుమ్మం బయటే నిలబడి. "పెద్దసారు ఎదురుగా చెప్పాలట. నా మాట నిలబడితేనే అన్న అక్కడ పనిచేసినట్టు ఖాయమవుతుందట. మా ఆవిడ రానంది. ఒక్కణ్ణే అంటే..." మిగతాది మింగేశాడు. "నువ్వు రావాలని కాదు. చెప్పి పోదామని."

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున అతను బస్సు స్టాపుకి వచ్చేసరికి ఆమె అప్పటికే నిలబడి ఉంది. ఇద్దరూ ఒకే బస్సెక్కారు. అతను ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో. విచారణ గది బయట వసారాలో పొడుగాటి బల్ల ఉంది. దాని మీద ఈ చివర ఆమె, ఆ చివర అతను కూర్చున్నారు. మధ్యలో అతని సంచీ. పెద్దసారు వకీళ్లతో గంభీరంగా వాళ్ల ముందునుంచే నడిచి వెళ్లాడు. వీళ్లని చూడనట్టే చూశాడు. మరిది సంచీ పట్టీ వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నాడు.

"తిన్నావా?" అని అడిగింది. అన్నాళ్ల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

"లేదు వదినా."

ఆమె సంచీలోంచి రొట్టె తీసి సగం విరిచి మధ్యలో పెట్టింది. అతను తీసుకుని, కొరకకుండా పట్టుకున్నాడు.

"ఆయన ఏమైనా అన్నాడా, చివర్న?" అంది ఆమె. ఎదురుగోడ మీద నోటీసుల వైపు చూస్తూ అడిగింది.

మరిది చేతిలోని రొట్టె వైపే చూశాడు. "నీ చొక్కా బిగుతుగా ఉందిరా అన్నాడు."

ఆమెకి ముందు ఏమీ వినబడనట్టుంది. తర్వాత లోపలినుంచి ఏదో తన్నుకొచ్చింది. నవ్వే అది. పెళ్లయిన నాటినుంచీ ఆయన ప్రతి చొక్కా గురించీ అన్న మాట అదే. బిగుతుగా ఉంది, కొలత తప్పింది, ఈ దర్జీ నా మీద పగబట్టాడు. ఆమె నవ్వుతూనే అరచేత్తో కళ్లు ఒత్తుకుంది. మరిది తలొంచుకుని రొట్టె పట్టుకుని ఏడ్చాడు. వసారాలో జనం ఇటు చూసి, మళ్లీ ఎవరి గొడవలో వాళ్లు పడిపోయారు.

అతన్ని క్షమించిందా అంటే, అది ఆమెకే తెలియదు. ఆ ప్రశ్న ఆమె వేసుకోలేదు కూడా. బంట్రోతు బయటికొచ్చి మరిది పేరు పిలిచాడు. అతను లేచి, రొట్టెముక్క ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె వైపు చూశాడు. ఆమె చేయి చాచి తీసుకుంది.

"ఉన్నదున్నట్టు చెప్పు," అంది. "మొదట్నుంచీ."

అతను లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. లోపల ఎవరి గొంతో గట్టిగా లేచింది, ఎవరిదో తెలియలేదు. ఆమె అతని సంచీని కాస్త దగ్గరికి జరుపుకుని కూర్చుంది. వాన మొదలై వసారా అంచు తడుస్తోంది. ఏదో పని మీద వచ్చిన పెద్దాయన ఒకాయన గొడుగు దులుపుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, ఖాళీ చోటు చూపించి అడిగాడు.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారామ్మా?"

"ఉన్నారండీ," అంది ఆమె. "మా మరిది. లోపలికెళ్లాడు, వస్తాడు."